యాభై మీటర్లు, ఆరు సెకన్లు: నెల్లూరులో ఒక కాలనీ రోడ్డు కేస్ స్టడీ

నెల్లూరు మినీ బైపాస్‌ని ఆనుకుని ఉన్న ఒక కాలనీ అసోసియేషన్ వాళ్ళు నా దగ్గరికి వచ్చేటప్పటికే నగరపాలక సంస్థకి అర్జీలు ఇచ్చి విసిగిపోయి ఉన్నారు. అన్ని అర్జీల్లోనూ ఒకటే కోరిక: మా మెయిన్ రోడ్డుకి ఇంకో నాలుగు స్పీడ్ బ్రేకర్లు కావాలి. అప్పటికే ఆ రోడ్డు మీద మూడున్నాయి. ఇళ్ళు కట్టగా మిగిలిన సిమెంటు, కంకరతో కాలనీ వాళ్ళే పోసుకున్నవి. మూడింటికి తగ్గని వేగం ఏడింటికి ఎందుకు తగ్గుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. కానీ వాళ్ళ భయం నిజమైనది. బడికి పోయే పిల్లవాడికి కాలు విరిగింది. పింఛను తీసుకుని నడిచొస్తున్న ఒక పెద్దావిడని బండి కొట్టేస్తే తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. ఆ కుటుంబాలని ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి కాలనీ పేరు ఇక్కడ రాయడం లేదు.

నేను ట్రాఫిక్ ఇంజనీరుని. ఇలాంటి బాధే పడుతున్న వేరే కాలనీల వాళ్ళకి పనికొస్తుందని, చేసిన పనిని చేసిన వరసలో రాస్తున్నాను.

రోడ్డు తీరు

నలభై అడుగుల సీసీ రోడ్డు. సుమారు ఆరు వందల మీటర్లు ఎక్కడా వంపు లేకుండా తిన్నగా ఉంటుంది. ఒక కొస మినీ బైపాస్‌లో కలుస్తుంది. రెండో కొస ఒక ఇంటి ప్రహరీకి ఎదురుగా ఆగిపోయి, కుడికీ ఎడమకీ చీలుతుంది. ఆ ఇల్లు వీధిపోటు ఇల్లు. గోడలో వినాయకుడి విగ్రహం పెట్టుకున్నారు. అదే గోడకి బండ్లు గుద్దిన మచ్చలూ, కొత్త ప్లాస్టరింగూ కనిపిస్తాయి. రాత్రిపూట తెలియనివాడు ఎవడైనా రోడ్డు ఇంకా ముందుకి పోతుందనే అనుకుంటాడు.

నెల్లూరులో రైలు పట్టాలు ఊరిని రెండుగా కోస్తాయని ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు. పడమటి కాలనీల నుంచి బజారు వైపు పోవాలంటే రామలింగాపురం, మాగుంట లేఅవుట్, ఆత్మకూరు బస్టాండు లాంటి అండర్ బ్రిడ్జిలే ఎక్కువమందికి దిక్కు. అక్కడ రద్దీ పెరిగితే బండ్లు వెనక్కి తిరిగి కాలనీల్లోంచి దారి వెతుక్కుంటాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరులోపే కురిసే ఈ ఊళ్ళో, అండర్ బ్రిడ్జి కింద నీళ్ళు నిలిచిన రోజున పరిస్థితి ఇంకా చెడుతుంది. మన రోడ్డు అలాంటి అడ్డదారి. ఆ దారిన వచ్చేవాడికి ఈ కాలనీతో పనేమీ లేదు. మినీ బైపాస్‌లో పోగొట్టుకున్న రెండు నిమిషాలని ఇక్కడ రాబట్టుకోవాలనే తొందర ఒక్కటే వాడికి ఉంటుంది.

రోడ్డు వెడల్పుగా, నున్నగా, తిన్నగా ఉంటే కాలు దానంతటది యాక్సిలరేటర్ మీద బరువెక్కుతుంది. "నెమ్మదిగా వెళ్ళండి, పిల్లలు తిరుగుతుంటారు" అని కాలనీ వాళ్ళు కట్టిన ఫ్లెక్సీ ఎండకి వెలిసిపోయి ఒక పక్క వేలాడుతోంది. రోడ్డు ఒకటి చెబుతుంటే ఫ్లెక్సీ ఇంకొకటి చెబితే మనిషి రోడ్డు మాటే వింటాడు. ఈ కేసంతటిలో నేను పట్టుకు వేలాడిన విషయం ఇదే.

కొలిచిన పద్ధతి

వేగం కొలిచే గన్ను మా దగ్గర లేదు, అవసరమూ పడలేదు. రోడ్డు మధ్య భాగంలో, పాత స్పీడ్ బ్రేకర్ల గుట్టలకి దూరంగా, టేపుతో యాభై మీటర్లు కొలిచి రెండు చివర్లా సున్నంతో గీతలు గీశాం. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటుంది. బండి ముందు చక్రం మొదటి గీత దాటగానే నొక్కాలి, రెండో గీత దాటగానే ఆపాలి. ఆరు సెకన్లు పడితే వేగం గంటకి 30 కిలోమీటర్లు. నాలుగున్నర సెకన్లయితే 40. 3.6 సెకన్లయితే 50. మూడే సెకన్లయితే 60. ఈ నాలుగు అంకెలు ఒక అట్ట మీద రాసిస్తే ఇంటర్ చదివే పిల్లలు కూడా తప్పులేకుండా కొలిచారు. కొలిచేవాళ్ళు నడిరోడ్డున నిలబడకూడదు, కనపడితే బండ్లు తగ్గిస్తాయి. ఒక మేడ మీద ఇద్దరు కూర్చుని, ఒకరు చూసి ఒకరు రాసుకోవాలి. బండి రకం, వచ్చిన దిక్కు, టైము కూడా రాయాలి.

హద్దుగా ఆరు సెకన్లే ఎందుకు తీసుకున్నానంటే, మనుషులూ బండ్లూ కలిసి తిరిగే వీధుల్లో 30 కిలోమీటర్లు మించకూడదని 2020 ఫిబ్రవరిలో రోడ్డు భద్రత మీద వచ్చిన స్టాక్‌హోమ్ డిక్లరేషన్‌లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. కాలనీ రోడ్డుకి అంతకంటే సరైన కొలత నాకు తెలియదు.

ఏ టైములో కొలవాలన్న దగ్గర పెద్ద చర్చే జరిగింది. అసోసియేషన్‌లో మగవాళ్ళు అందరూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది అన్నారు. వాళ్ళు ఇంట్లో ఉండి చూసేది అప్పుడే. నేను అడగకుండానే ఒక గృహిణి లేచి, తెల్లవారుజామున రండి సార్, ముగ్గేసుకోను వంగుంటే వెనక బండి ఎట్టా వస్తాందో తెలీదు అన్నారు. అది ధనుర్మాసం రోజులు. వాకిట్లో జాగా చాలక ముగ్గులు రోడ్డు మీదికి వస్తాయి. ఆవిడ మాట ప్రకారం వేకువన కూడా కొలిచాం.

సాయంత్రం బండ్లు ఎక్కువే, కానీ ఒకదాని వెనక ఒకటి ఉండటంతో వేగం ఓ మోస్తరుగానే ఉంది. వేకువన రోడ్డు ఖాళీ. కోచింగులకి పోయే పిల్లలు, పాల వ్యాన్లు, రైలు టైముకి స్టేషనుకి పరిగెత్తే ఆటోలు. ఆ టైములో ఆరు సెకన్లు పట్టిన బండ్లని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మూడు సెకన్లకి అటూ ఇటూగా దూసుకుపోయినవి ఉన్నాయి. వాటిలో ఎక్కువ ద్విచక్ర వాహనాలే, నడిపేవాళ్ళలో మీసాలు రాని పిల్లలు కనిపించారు. అర్జీల్లో ఎక్కడా లేని వేకువ సంగతి ఇలా బయటపడింది. ఇలాంటి పనికి ఎవరు పూనుకున్నా వీధిలో పొద్దున్నే ఊడ్చేవాళ్ళనీ, పాలు పోసేవాళ్ళనీ, బడ్డీకొట్టు వాళ్ళనీ ముందు అడగమని నా సలహా.

పాత గుట్టలు చేస్తున్న కీడు

మూడు గుట్టల్నీ దగ్గర కూర్చుని చూశాను. అడుగు వెడల్పు, దాదాపు అరడుగు ఎత్తు, రంగు లేదు, ముందు బోర్డు లేదు. వాన నీళ్ళు పోవడానికని రెండు పక్కలా సైడు కాలువ దగ్గర రెండడుగుల ఖాళీ వదిలారు.

ఆ ఖాళీయే అసలు ప్రమాదం. బైకు వాడు గుట్ట ఎక్కడు, వేగం తగ్గించకుండా ఆ రెండడుగుల సందులోంచి దూరిపోతాడు. ఆ సందు ఎవరిది? నడిచేవాళ్ళది. రోడ్డు మధ్యలో బండ్లకి భయపడి, కాలువ అంచు పట్టుకుని నడిచే పిల్లలదీ ముసలివాళ్ళదీ. కాలు విరిగిన పిల్లవాడు పడింది సరిగ్గా రెండో గుట్ట పక్కన. కాలనీ తన డబ్బుతో కట్టుకున్న రక్షణ, బండిని తీసుకెళ్ళి పిల్లవాడి మీదికి తోసింది. ఈ మాట సభలో చెప్పినప్పుడు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ గుట్టలు పోసినవాళ్ళది మంచి ఉద్దేశమే, వాళ్ళని నిందించడానికి ఇది రాయడం లేదు.

ఇంకో సంగతి. ఇంత ఇరుకు గుట్ట మీద కారు వేగంగా పోతే కుదుపుని షాక్ అబ్జార్బర్లు చాలావరకు మింగేస్తాయి. నెమ్మదిగా పోయే పాత స్కూటరు, ఆటోలో కూర్చున్న గర్భిణి, నడుం నొప్పి ఉన్నాయన, వీళ్ళకే దెబ్బ పూర్తిగా తగులుతుంది. తప్పు చేసినవాడిని వదిలేసి, చేయనివాడికి శిక్ష వేసే కట్టడం అది.

సరైన కొలత ఏదో, దేశంలో రోడ్ల ప్రమాణాలు తయారుచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే చెప్పింది. ఐఆర్‌సీ:99 అనే పత్రం, 2018లో దాన్ని సవరించి మళ్ళీ వేశారు. 1988 పత్రం ప్రకారం మామూలు ట్రాఫిక్‌కి గుండ్రటి హంపు, అంటే వెడల్పాటి స్పీడ్ బ్రేకర్, 17 మీటర్ల వ్యాసార్ధంతో, రోడ్డు పొడుగున 3.7 మీటర్లు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గంటకి 25 కిలోమీటర్లతో దాటితే ఒళ్ళు కదలదు, అంతకు మించితే ఎగరేస్తుంది. అడుగు ఎక్కడ, పన్నెండు అడుగులు ఎక్కడ! అన్నిటికీ మనం స్పీడ్ బ్రేకర్ అనే అంటాం గానీ ఈ రెండూ వేరు వేరు వస్తువులు. వరసగా వేయాల్సి వస్తే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 100 నుంచి 120 మీటర్లు ఉండాలి. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, పైన రాత్రి కనపడేలా నలుపు తెలుపు పట్టీలు ఉండాలి.

పోలీసులని పెట్టించండి అన్నవాళ్ళకి

ఈ కోరిక ప్రతి కాలనీలో వస్తుంది. ఇక్కడా వచ్చింది. కొన్నాళ్ళు ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డారు, వచ్చినన్నాళ్ళూ బండ్లు తగ్గాయి, ఆయన వేరే డ్యూటీకి పోగానే మొదటికొచ్చింది. అంతకంటే ముఖ్యమైన చిక్కు చట్టంలో ఉంది. కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ హద్దుల్లో కార్లకి గరిష్ఠ వేగం 70, ద్విచక్ర వాహనాలకి 60, మూడు చక్రాల బండ్లకి 50. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వమో, అది అధికారం ఇచ్చినవాళ్ళో అంతకంటే తక్కువ పరిమితి ప్రకటించకపోతే, మన రోడ్డు మీద 50తో పోయే బైకుకి అతివేగం కేసు పెట్టడం కష్టం. పరిమితి ప్రకటించి బోర్డు పెడితే 183వ సెక్షన్ కింద తేలికపాటి వాహనానికి వెయ్యి నుంచి రెండు వేల దాకా జరిమానా పడుతుంది. అందుకే అర్జీలో స్పీడ్ బ్రేకర్ మాటకంటే ముందు 30 కిలోమీటర్ల పరిమితి ప్రకటించండి అని రాయించాను.

మైనర్లు నడిపే బండ్ల సంగతి మాత్రం తల్లిదండ్రుల దగ్గరే తేల్చుకోవాల్సి వచ్చింది. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు నేరం చేస్తే తండ్రికో సంరక్షకుడికో, లేదా బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇది చదివి వినిపించాక ఒకరిద్దరు తండ్రులు మావాడు ట్యూషన్‌కి ఎలా పోవాలి సార్ అని నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వేకువన నాలుగున్నరకి ఆటో దొరకదు. చివరికి ఒకే కోచింగుకి పోయే పిల్లల ఇళ్ళవాళ్ళు కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నారు. అందరూ కలవలేదు, కలిసినంతవరకు మేలు జరిగింది.

రోడ్డు మీద సభ

సభ ఒక ఆదివారం పొద్దున రోడ్డు మీదే పెట్టించాను. ముగ్గుపిండితో ఒక అడ్డగీత గీసి, పిల్లవాడు బంతి కోసం బయటికి వచ్చిన క్షణం ఇది అనుకోండి అన్నాను. మనిషి చూసి, అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. 30తో వచ్చే బండి ఆ సెకనులో ఎనిమిది మీటర్ల పైచిలుకు పోతుంది, బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద ఇంకో ఐదు మీటర్లలో ఆగుతుంది. పదమూడు మీటర్ల దగ్గర రెండో గీత గీశాం. 50తో వచ్చే బండి ఆ ఒక్క సెకనులోనే దాదాపు పద్నాలుగు మీటర్లు పోతుంది. అంటే మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట రెండో బండి ఇంకా బ్రేకే వేయలేదు. అది ఆగేది ఇరవై ఎనిమిది మీటర్ల దగ్గర. మూడో గీత అక్కడ గీశాం. తడి రోడ్డయితే ఇంకా అవతల.

తర్వాత రెండో లెక్క. ఈ ఆరు వందల మీటర్లు 50తో పోతే 43 సెకన్లు, 30తో పోతే 72. తేడా అర నిమిషం కూడా లేదు. ఆ గీతల మధ్య దూరాన్ని జనం కాళ్ళతో నడిచి చూసుకున్నారు. అప్పటిదాకా బ్రేకర్లు దండగ అన్న ఒక ఆటో అన్న, ఆ మూడో గీత దగ్గర నిలబడి వెనక్కి చూసి, ముందు మా స్టాండులో వాళ్ళకి నేను చెప్తా అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

ప్లాను, దానికి వచ్చిన అడ్డంకులు

మొదట ఖర్చు లేని పని చేశాం. కార్లన్నీ ఒకే పక్క ఆపడం వల్ల రెండో పక్క రన్‌వే అయిపోయింది. సుమారు అరవై మీటర్లు ఎడమ పక్క, తర్వాత అరవై మీటర్లు కుడి పక్క, అలా మార్చి మార్చి ఆపాలని అనుకున్నాం. బండి అటూ ఇటూ వంగి పోవాల్సి వస్తుంది, తిన్నటి చూపు తెగుతుంది. సందుల మూలల దగ్గర మాత్రం ఏ కారూ ఆపకూడదు, లేకపోతే కారు చాటునుంచి వచ్చే పిల్లలు కనపడరు. దీనికి వారాల తరబడి నచ్చజెప్పాల్సి వచ్చింది. నా గేటు ముందు ఎదురింటాయన కారా అనే మాట ఎన్నిసార్లు విన్నానో. ఇప్పటికీ ఒక ముక్కలో ఇది అమలు కాలేదు.

రెండోది మినీ బైపాస్ మలుపు. రోడ్డు నోరు ఎంత వెడల్పుగా ఉందంటే బండి వేగం తగ్గించకుండానే లోపలికి తిరుగుతుంది. ట్రాఫిక్ పోలీసులకి చెప్పి, రిఫ్లెక్టర్ టేపు చుట్టిన డ్రమ్ముల్లో ఇసుక నింపి మూలని ఇరుకు చేసి చూశాం. తిరిగే బండి దాదాపు ఆగి తిరగాల్సి వచ్చింది. ఫైరింజను తిరుగుతుందా లేదా అన్నది పెద్ద లారీని తిప్పించి చూసుకున్నాకే ఆ ఇరుకుని ఖాయం చేశాం. తర్వాత అక్కడ రోడ్డు అంచున పాతే కర్బు రాళ్ళు వచ్చాయి.

మూడోది హంపులు. పాత మూడూ పగలగొట్టి, ఐఆర్‌సీ కొలతతో కొత్తవి వేయాలి. నగరపాలక సంస్థ ఇంజనీరు వెంటనే ఒప్పుకోలేదు. ఆయన అడ్డు చెప్పిన కారణం సరైనదే: హంపు రోడ్డంతా పరిస్తే అది ఆనకట్ట అవుతుంది, నవంబరు వానకి నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. 2021 నవంబరు వరదలు చూసిన ఊళ్ళో ఆ మాటని తేలిగ్గా తీసుకోలేం. ఖాళీ వదిలితే బైకులు దూరతాయి, వదలకపోతే నీళ్ళు నిలుస్తాయి. మధ్యేమార్గంగా హంపుని కాలువ అంచుదాకా పోనిచ్చి, చివరి అడుగున్నరలో వాలుగా దించేసి, ఆ అంచు కింద నీళ్ళు పోయేలా పైపు వేయించాం. వాలు దగ్గర రెండు పొట్టి స్తంభాలు పాతారు. వాటి అవతల నడిచేవాళ్ళకి దారి ఉంటుంది, బైకుకి ఉండదు. ఈ పైపుల్లో చెత్త చేరుతుంది. వానాకాలానికి ముందు తీయించాలి. ఆ బాధ్యత ఎవరిదో వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీతో మాట్లాడి కాగితం మీద పెట్టించుకున్నారు.

ఎక్కడ వేయాలన్నది ఇంకో తగాదా. హంపు కావాలి అందరికీ, మా ఇంటి ముందు వద్దు అందరికీ. రాత్రి లారీ దాటితే కిటికీలు అదురుతాయన్న భయం ఉత్తది కాదు. వీధిదీపం ఉన్న స్తంభం దగ్గర, వీలైతే ఖాళీ స్థలం ముందు లేదా రెండిళ్ళ ఉమ్మడి గోడకి ఎదురుగా, ఏ గేటుకీ అడ్డం రాకుండా అని నియమం పెట్టుకున్నాక చోట్లు వాటంతటవే తేలాయి. బోల్టులతో బిగించే రబ్బరు బ్రేకర్లు తొందరగా అవుతాయని కొందరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. ముక్కలు ఊడిపోయి, బోల్టులు పైకి లేచి, టైర్లనీ కాళ్ళనీ కోసేవి చాలాచోట్ల చూశాను.

వీధిపోటు ఇంటి దగ్గర అడ్డంగా స్టాప్ లైను, గోడ మీద ఎదురుగా ఎరుపు రిఫ్లెక్టర్లు, ముందుగా దారి చీలుతుందని చెప్పే బోర్డు పెట్టించాం.

ఆ తర్వాత

ఎండాకాలంలో పనులు పూర్తయ్యాక అదే యాభై మీటర్లలో, అదే మేడ మీద నుంచి, అదే టైములలో మళ్ళీ కొలిచారు. ఈసారి నేను వెళ్ళలేదు, కాలనీ పిల్లలే చేశారు. వేకువన కూడా చాలా బండ్లు ఆరు సెకన్లు దాటి తీసుకుంటున్నాయి. మూడు సెకన్ల బండ్లు కనపడలేదు. కార్లను మార్చి ఆపడానికి ఒప్పుకోని ఆ ఒక్క ముక్కలో మాత్రం బైకులు ఇప్పటికీ పుంజుకుంటున్నాయి. అక్కడే కొలిస్తే ఇంకా నాలుగు సెకన్లకి దగ్గరగా వస్తున్నాయి. వీధిపోటు గోడకి ఆ తర్వాత కొత్త దెబ్బ తగల్లేదు. వేగ పరిమితి నోటిఫికేషన్ అర్జీ ఇంకా ఫైల్లోనే ఉంది. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో దాని నంబరు పట్టుకుని అడుగుతూనే ఉన్నారు.

అడ్డదారి బండ్లు తగ్గాయి. కానీ అవన్నీ మినీ బైపాస్‌కి తిరిగి పోలేదు. కొన్ని పక్క వీధిలోకి మళ్ళాయి. ఆ వీధి ఇంకా ఇరుకు, అక్కడ ఒక అంగన్‌వాడీ ఉంది. అక్కడివాళ్ళు మా అసోసియేషన్ మీద కోపంగా ఉన్నారు, ఆ కోపం న్యాయమే. ఒక్క రోడ్డుని బాగుచేసి చేతులు దులుపుకుంటే కుదరదని ముందే చెప్పాను. రెండు వీధుల కొలతలూ ఒకేసారి తీసి ఒకే ప్లానుగా ఇవ్వాల్సింది, కానీ అప్పుడు పక్క వీధివాళ్ళు కలిసి రాలేదు. ఇప్పుడు వాళ్ళే యాభై మీటర్ల గీతలు గీయించుకున్నారు. మొదటి కొలతలు అక్టోబరు వానలకి ముందే తీయాలి, అండర్ బ్రిడ్జి కింద నీళ్ళు నిలిచిన రోజున ఇంకోసారి తీయాలి. ఈ రెండూ చేతిలో ఉంటేనే ఆ వీధి మూలని ఎంత ఇరుకు చేయాలో, అంగన్‌వాడీ ముందు హంపు ఎక్కడ రావాలో చెప్పగలను.